డిప్రెషన్ మాత్రలు ఆపాలనుకుంటున్నారా? మెట్టు మెట్టుగా దిగే పద్ధతి

మూడేళ్లు రోజూ వేసుకున్న ఎస్సిటాలోప్రామ్ 10 మిల్లీగ్రాముల మాత్రను నేను ఒక సంక్రాంతి ముందు ఉన్నపళంగా ఆపేశాను. స్ట్రిప్ అయిపోయింది, ఊరెళ్లే హడావుడి, పైగా ఏడాదిగా మనసు బాగానే ఉంది. ఇంకా ఎందుకులే అనుకున్నాను. మూడో రోజు బస్సులో కిటికీ వైపు నుంచి పక్క సీటు వైపు చూపు తిప్పగానే తలలో కరెంటు కొట్టినట్టయింది. భోగి మంట దగ్గర నిలబడితే కాళ్ల కింద నేల ఊగింది. కనుమ నాటికి కారణం లేని ఏడుపు, పిల్లల అరుపులు కూడా భరించలేనంత చిరాకు. జబ్బు తిరగబెట్టిందని అమ్మ భయపడింది. ఆ మాత్రలకు బానిసవైపోయావని నాన్న బాధపడ్డారు. నిజానికి ఆ రెండూ జరగలేదు. డాక్టరుకు ఫోన్ చేసి మళ్లీ మాత్ర మొదలుపెట్టిన రెండు రోజులకు తలలో షాకులు ఆగిపోయాయి.

రెండోసారి అదే మాత్రను దాదాపు ఎనిమిది నెలలు తీసుకుని, డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ మానేశాను. ఆ రెండుసార్లలో తెలుసుకున్నదీ, తర్వాత చదివి అర్థం చేసుకున్నదీ వరసగా రాస్తున్నాను. నేను డాక్టరును కాను. ఇది చదివి ఈ రాత్రి మాత్ర ఆపేయకండి. మీ డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో, ఇంటికొచ్చాక ఏం గమనించాలో తెలియడానికి దీన్ని వాడుకోండి.

మీరు వేసుకుంటున్నది ఏమిటో ముందు తెలుసుకోండి

స్ట్రిప్ వెనక కంపెనీ పేరు కింద చిన్న అక్షరాల్లో అసలు మందు పేరు ఉంటుంది. అది కాగితం మీద రాసుకోండి. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్, ఫ్లూఆక్సెటిన్, పారాక్సెటిన్, వెన్లాఫాక్సిన్, డెస్‌వెన్లాఫాక్సిన్, డ్యులోక్సెటిన్, మిర్టాజపిన్, అమిట్రిప్టిలిన్ వీటిలో ఏది ఉన్నా ఈ వ్యాసం మీకు పనికొస్తుంది.

మన దగ్గర చాలామందికి తాము వాడుతున్నది డిప్రెషన్ మందని తెలియదు. షుగరు వల్ల అరికాళ్లు మండుతుంటే డ్యులోక్సెటిన్ రాస్తారు. మైగ్రేన్‌కో, నరాల నొప్పికో అమిట్రిప్టిలిన్ రాస్తారు. ఇంట్లో వాటిని నరాల మాత్రలంటారు. నొప్పి తగ్గిందని ఒక్కసారిగా ఆపేసి, వారం తర్వాత కళ్లు తిరుగుతున్నాయని బీపీ చూపించుకుంటూ తిరిగేవాళ్లు ఉంటారు. జబ్బు ఏదైనా మందు అదే కాబట్టి మానే పద్ధతీ అదే.

మందు ఒంట్లోంచి ఎంత వేగంగా బయటికి పోతుందన్నది చాలా ముఖ్యం. వెన్లాఫాక్సిన్, పారాక్సెటిన్ త్వరగా పోతాయి, అందుకే వాటిని మానడం కష్టం. వెన్లాఫాక్సిన్ వాడేవాళ్లకు పొద్దున మాత్ర మరిచిపోతే సాయంత్రానికే తేడా తెలిసిపోవచ్చు. ఫ్లూఆక్సెటిన్ దీనికి పూర్తిగా వేరు. అదీ, అది శరీరంలో మారి ఏర్పడే పదార్థమూ వారాల తరబడి ఉంటాయి కాబట్టి దానంతట అదే నెమ్మదిగా దిగుతుంది. దాన్ని ఆపినప్పుడు ఇబ్బంది వస్తే కొన్ని వారాల తర్వాత రావచ్చు. అప్పటికి మందు సంగతి మనకు గుర్తుండదు.

ఇంకొకటి. పేరు చివర "ప్లస్" అని ఉందేమో చూడండి. ఎస్సిటాలోప్రామ్‌తో క్లోనాజెపామ్‌నో, ఎటిజోలామ్‌నో కలిపిన మాత్రలు మన దేశంలో చాలా అమ్ముడవుతాయి. అంటే మీరు ఒక్క మాత్రలో రెండు మందులు వేసుకుంటున్నారు. రెండోది నిద్రమాత్రల కుటుంబానికి చెందింది. ఎక్కువ కాలం వాడి దాన్ని హఠాత్తుగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు. అలాంటి మాత్ర వాడుతుంటే రెండు మందులూ విడివిడిగా రాయమని డాక్టరును అడగండి. విడివిడిగా ఉంటేనే ఒకదాని తర్వాత ఒకటి తగ్గించుకోగలరు.

ఎందుకు ఇలా అవుతుంది

కాకర పందిరి గుంజలు ఒక్కసారే పీకేస్తే తీగంతా కూలిపోతుంది. తీగ ఆ గుంజల మీద బరువు వేసి అల్లుకుంది. ఈ మందుల్లో చాలావరకు మెదడులో సెరటోనిన్ అనే రసాయనాన్ని నరాల కణాలు వెనక్కి లాక్కోకుండా అడ్డుపడతాయి. నెలల తరబడి ఆ అడ్డు ఉన్నప్పుడు మెదడు దానికి తగ్గట్టు తన అమరిక మార్చుకుంటుంది. అడ్డు చటుక్కున తీసేస్తే అమరిక మళ్లీ మారడానికి సమయం చాలదు. ఆ లోపు పడే ఇబ్బందే ఇది.

దీన్ని వ్యసనం అనకూడదు. ఈ మాత్ర కోసం ఎవరికీ నాలుక పీకదు. నిన్న ఒకటి వేస్తే ఈరోజు రెండు కావాలనిపించదు. నాన్నకు ఈ తేడా చెప్పడానికి నాకు రెండు పూటలు పట్టింది.

అందరికీ ఇలా జరుగుతుందని భయపడకండి. జర్మనీ పరిశోధకులు 79 అధ్యయనాలను, దాదాపు 21 వేల మంది వివరాలను కలిపి చూసి 2024లో ఫలితాలు ప్రకటించారు. మందు ఆపినవాళ్లలో సుమారు 31 శాతం మందికి ఏదో ఒక లక్షణం కనిపించింది. పోల్చి చూడటానికి ఇచ్చిన, మందు లేని ఉత్త మాత్ర ఆపినవాళ్లలో కూడా 17 శాతం మందికి కనిపించింది. తీవ్రంగా ఇబ్బంది పడింది సుమారు 35 మందిలో ఒకరు. అయితే వాటిలో చాలా అధ్యయనాలు మందును తక్కువ కాలం వాడినవాళ్ల మీద జరిగినవని విమర్శ ఉంది, అది సరైనదే అని నా అభిప్రాయం. ఏళ్ల తరబడి వాడినవాళ్లు ఈ అంకె చూసి ధీమాగా ఒక్కరోజులో ఆపేయకూడదు.

ఇది మానే సమయమేనా?

మనసు పూర్తిగా కుదుటపడ్డాక కనీసం ఆరు నెలలు మందు కొనసాగించమని డాక్టర్లు చెబుతారు. డిప్రెషన్ అంతకుముందు రెండు మూడుసార్లు వచ్చి ఉంటే రెండేళ్లో, ఇంకా ఎక్కువో. కొందరికి మానకపోవడమే మంచిది. బ్రిటన్‌లో చాలాకాలంగా మందు వాడుతూ బాగానే ఉన్న 478 మందిని ఏడాది పాటు గమనించిన అధ్యయనం 2021లో వచ్చింది. మందు మానేసినవాళ్లలో 56 శాతం మందికి డిప్రెషన్ తిరిగి వచ్చింది. కొనసాగించినవాళ్లలో 39 శాతం మందికి వచ్చింది. అంటే మానేసీ బాగున్నవాళ్లు చాలామందే ఉన్నారు, ముప్పు పెరగడమూ నిజమే. రెండూ తెలుసుకుని నిర్ణయించుకోండి.

మన ఇళ్లలో మందు మానడానికి కారణం చాలాసార్లు వైద్యం అవదు. పెళ్లి సంబంధం కుదురుతుంది. అత్తారింట్లో స్ట్రిప్ కనిపిస్తే ఎలా అన్న టెన్షన్‌తో, లగ్నానికి వారం ముందు ఆపేస్తారు. జీవితంలో నిద్ర తక్కువ, ఒత్తిడి ఎక్కువ ఉండే వారం అదే. దయచేసి అలా చేయకండి. పెళ్లి, పరీక్షలు, కొత్త ఉద్యోగం, ఇల్లు మారడం, ఇంట్లో ఎవరైనా పోయిన నెలలు, వీటన్నిటినీ దాటించి మొదలుపెట్టండి. గర్భం వచ్చిందని తెలిసిన రోజే భయపడి ఆపేయడం కూడా ప్రమాదమే. గైనకాలజిస్టుకు, సైకియాట్రిస్టుకు ఇద్దరికీ అదే రోజు చెప్పి, వాళ్లు చెప్పేదాకా వేసుకుంటూనే ఉండండి. పిల్లల కోసం అనుకుంటుంటే కొన్ని నెలల ముందే ఈ మాట మాట్లాడటం అన్నిటికంటే మేలు.

బైపోలార్ (మనసు కొన్నాళ్లు అతి ఉత్సాహానికి, కొన్నాళ్లు డిప్రెషన్‌కు ఊగే జబ్బు) ఉన్నవాళ్లు, గతంలో ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్లు సొంతంగా ఒక్క మిల్లీగ్రాము కూడా తగ్గించకూడదు.

డాక్టరు దగ్గర ఏం అడగాలి

ఓపీలో మనకు దొరికేది ఐదు నిమిషాలు. అందుకే చీటీ రాసుకుని వెళ్లండి. ఎన్నాళ్లుగా వాడుతున్నారు, ఇంతకుముందు మాత్ర మిస్ అయినప్పుడు ఏమైంది, ఇంకా ఏ మందులు వాడుతున్నారు. ఈ మూడూ పైన ఉండాలి. తర్వాత ఇలా అడగండి: మొదట ఎంత తగ్గించాలి? ఎన్ని వారాలు ఆగాలి? ఇబ్బంది వస్తే వెనక్కి ఎంత వెళ్లాలి? చివర్లో చిన్న డోసు ఎలా తయారు చేసుకోవాలి?

రెండు వారాలు రోజు విడిచి రోజు వేసుకుని ఆపేయమని ఎవరైనా చెబితే మర్యాదగానే మళ్లీ అడగండి. ఫ్లూఆక్సెటిన్ సంగతి వేరుగానీ, మిగతా మందుల్లో రోజు విడిచి రోజు వేసుకుంటే ఒక రోజు మందు ఉంటుంది, మరుసటి రోజు పడిపోతుంది. దిగడానికి బదులు రోజూ ఎక్కి దూకినట్టవుతుంది. ప్రతిరోజూ ఒకే సమయానికి, కానీ తక్కువ డోసు వేసుకోవడమే సరైనది.

తగ్గించడం: కింది మెట్లు చిన్నవిగా ఉండాలి

అన్నిటికంటే ఎక్కువగా మీకు చెప్పాలనుకున్నది ఇదే. మనం 20 నుంచి 10కి, 10 నుంచి 5కి, 5 నుంచి సున్నాకి అని లెక్క వేసుకుంటాం. 5 అంటే చిన్నదే కదా, చివరి మెట్టు తేలిక అనుకుంటాం. నిజం దానికి తలకిందులు.

అప్పట్లో లండన్‌లో పనిచేస్తున్న మార్క్ హొరోవిట్జ్, డేవిడ్ టేలర్ అనే ఇద్దరు పరిశోధకులు 2019లో దీన్ని లెక్కలతో వివరించారు. సిటాలోప్రామ్ అనే మందు 20 మిల్లీగ్రాములు వేసుకుంటే సెరటోనిన్‌ను లాక్కునే ద్వారాల్లో సుమారు 80 శాతం మూసుకుంటాయి. దాన్ని 9కి తగ్గించినా ఇంకా 70 శాతం మూసే ఉంటాయి. 5 దగ్గర కూడా 60 శాతం వరకూ ఉంటుంది. అంటే 20 నుంచి 5 దాకా దిగినప్పుడు మెదడుకు తెలిసే తేడా ఇరవై శాతమే. ఆ మిగిలిన 5ని ఒక్కసారిగా ఆపితే తేడా అరవై శాతం. పైన పదిహేను మిల్లీగ్రాములు తీసేసినా మెదడు ఓర్చుకుంటుంది, కింద ఐదు తీసేస్తే ఓర్చుకోలేదు. సెరటోనిన్ మీద ఇలా పనిచేసే మిగతా మందుల తీరూ ఇంచుమించు ఇంతే. "సగం దాకా బాగానే వచ్చాను, చివర్లో ఏమైందో" అని చాలామంది అనడానికి కారణం ఇక్కడుంది.

అందుకే ఎప్పుడూ మిల్లీగ్రాముల్లో కాకుండా, ఇప్పుడు వేసుకుంటున్న డోసులో ఎంత వంతు అని లెక్క పెట్టండి. బ్రిటన్‌లో చికిత్సల మీద సూచనలిచ్చే నైస్ అనే సంస్థ 2022లో తెచ్చిన మార్గదర్శకాలు కూడా ముందున్న డోసులో ఒక భాగం చొప్పున తగ్గించమని, కిందికి వచ్చేకొద్దీ ఆ భాగాన్ని ఇంకా చిన్నది చేయమని చెబుతున్నాయి.

నాకు డాక్టరు రాసిచ్చిన వరస ఇది: 10 నుంచి 7.5, తర్వాత 5, తర్వాత 3.75, తర్వాత 2.5, తర్వాత 1.25, తర్వాత సున్నా. ప్రతి మెట్టు దగ్గర నాలుగు నుంచి ఆరు వారాలు. 2.5 దగ్గర నిద్ర చెడిపోతే అక్కడే ఇంకో నెల ఉండిపోయాను. ఇది నా లెక్క మాత్రమే, మీది వేరుగా ఉంటుంది. కొన్ని నెలలే వాడినవాళ్లు నాలుగైదు వారాల్లో హాయిగా మానేయవచ్చు. పదేళ్లు వాడినవాళ్లకు ఏడాది పైన పట్టినా అందులో తప్పేమీ లేదు.

చిన్న డోసు ఎలా? 5 మిల్లీగ్రాముల మామూలు మాత్రను నాలుగు ముక్కలు చేస్తే ఒక్కో ముక్క 1.25 అవుతుంది. మెడికల్ షాపులో మాత్రలు కోసే చిన్న ప్లాస్టిక్ డబ్బా అడగండి, తక్కువ ధరకే దొరుకుతుంది. కత్తిపీటతో కోస్తే సగం పొడి అయిపోతుంది. ముక్కలు కొంచెం అటూ ఇటూ అయినా కంగారు పడక్కర్లేదు. కానీ పేరు చివర ఎస్ఆర్, ఎక్స్ఆర్, ఈఆర్, సీఆర్ అని ఉన్న మాత్రలను కోయకూడదు, నూరకూడదు. అవి రోజంతా కొద్దికొద్దిగా విడుదలయ్యేలా తయారైనవి. విరిస్తే మందంతా ఒక్కసారే ఒంట్లోకి పోతుంది. డ్యులోక్సెటిన్, వెన్లాఫాక్సిన్ క్యాప్సూళ్లలోని గింజల్నీ నలపకూడదు. వీటి విషయంలో తక్కువ డోసు క్యాప్సూల్‌కు మారడమో, ద్రవరూపంలో దొరికే మందుకు మారడమో, డాక్టరు పర్యవేక్షణలో ఫ్లూఆక్సెటిన్‌కు మారి దాని ద్వారా దిగడమో చేస్తారు.

ఒక నోటుబుక్కు పెట్టుకోండి

తేదీ, డోసు, ఎన్ని గంటలు నిద్రపోయారు, తల ఎలా ఉంది, మనసుకు పదికి ఎన్ని మార్కులు. రోజుకు ఒక్క గీత చాలు. డోసు తగ్గించే వారం ముందునుంచే మొదలుపెట్టండి, లేకపోతే పోల్చుకోవడానికి ఏమీ ఉండదు.

ఇది మందు మానడం వల్లా, జబ్బు తిరగబెట్టిందా?

ఆ నోటుబుక్కు అసలు పనికొచ్చేది ఇక్కడే. మొదట సమయం చూడండి. మందు తగ్గించిన రెండు నుంచి నాలుగు రోజుల్లో మొదలైతే ఎక్కువగా మానడం వల్ల వచ్చిన ఇబ్బందే. డిప్రెషన్ అంత తొందరగా రాదు. వారాల తరబడి, ఒక్కో ఆసక్తీ చల్లారుతూ, చీకటి పడ్డట్టు నెమ్మదిగా వస్తుంది.

రెండోది, ఒంట్లో ఏముందో చూడండి. కళ్లు పక్కకు తిప్పితే తలలో కరెంటు షాకు, నడుస్తుంటే ఊగినట్టుండటం, వికారం, జలుబు చేసినట్టు ఒళ్లు నొప్పులు, చెమటలు, చేతివేళ్లలో తిమ్మిరి, నిజమేమో అనిపించేంత స్పష్టమైన పీడకలలు. ఇవి మీ డిప్రెషన్‌లో ఎప్పుడూ లేకపోతే ఇవి చాలావరకు మందు మానడం వల్ల వచ్చినవే. ఏడుపు, కోపం, ఆందోళన రెండింటిలోనూ ఉంటాయి కాబట్టి వాటిని మాత్రమే చూసి నిర్ణయించుకోకండి.

మూడోది, పాత డోసుకు వెళ్తే ఏమవుతుందన్నది. మందు మానడం వల్ల వచ్చినవి మళ్లీ వేసుకుంటే ఒకటి రెండు, మహా అయితే మూడు రోజుల్లో తగ్గుతాయి. డిప్రెషన్ తగ్గాలంటే వారాలు కావాలి.

ఈ తేడా తెలియకపోవడం వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. మందు మానలేని మనిషినని తేల్చేసుకుని కొందరు జీవితాంతం వేసుకుంటారు. ఇంకొందరు నిజంగా డిప్రెషన్ తిరిగొస్తే అది మందు మానిన ప్రభావమే అనుకుని నెలల తరబడి ఒంటరిగా భరిస్తారు.

ఇబ్బంది వచ్చినప్పుడు

తేలికపాటిదైతే అదే డోసు మీద ఆగండి, ఇంకా తగ్గించకండి. చాలామందికి ఒకటి రెండు వారాల్లో సర్దుకుంటుంది. కొందరికి నెలలు పట్టడమూ ఉంది. రోజువారీ పని చేసుకోలేకపోతుంటే డాక్టరుకు చెప్పి అంతకుముందున్న డోసుకు వెళ్లండి. వెనక్కి ఒక మెట్టు వేస్తే ఓడిపోయినట్టు కాదు. కుదుటపడ్డాక ఈసారి ఇంకా చిన్న మెట్టు వేయండి.

తలలో షాకులు వస్తున్న రోజుల్లో బండి నడపకండి. మంచం మీంచి చటుక్కున లేవకండి. వికారానికి కడుపు ఖాళీగా ఉంచకుండా కొంచెం కొంచెంగా పెరుగన్నమో, అటుకులో తినండి, పల్చటి మజ్జిగ తాగండి. మధ్యాహ్నం తర్వాత టీ, కాఫీ వద్దు. మద్యం తాగితే నిద్ర పడుతుందని అనుకోవడం పెద్ద పొరపాటు, మర్నాడు ఆందోళన రెట్టింపవుతుంది. నిద్ర కోసం మెడికల్ షాపులో అడిగి ఇంకో మాత్ర తెచ్చుకోకండి. ఒకటి మానబోయి రెండోదానిలో ఇరుక్కుంటారు. సాయంత్రం అరగంట నడక నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది.

వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి: చచ్చిపోవాలన్న ఆలోచన, ఒక్కచోట కూర్చోలేనంత, నిలబడలేనంత అలజడి, ఫిట్స్, నిద్ర లేకపోయినా అలుపు లేకుండా అతిగా మాట్లాడటం, విపరీతంగా ఖర్చు పెట్టడం. రాత్రిపూట ఎవరూ దొరకకపోతే టెలిమానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య సేవ ఇది. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

తెలియకుండా ఆగిపోకుండా చూసుకోండి

చాలామంది కావాలని మానరు, మందు అయిపోయి మానేస్తారు. అమెరికాకో, ఆస్ట్రేలియాకో చదువుకు వెళ్లే పిల్లలు మూడు నెలల మాత్రలు సూట్‌కేసులో పెట్టుకుని వెళ్తారు. అక్కడ ప్రిస్క్రిప్షన్ లేకుండా ఒక్క మాత్ర ఇవ్వరు, డాక్టరు అపాయింట్‌మెంట్‌కు వారాలు పడుతుంది. కాబట్టి దిగిన మొదటి నెలలోనే యూనివర్సిటీ హెల్త్ సెంటర్‌లో పేరు రాయించుకోండి. అసలు మందు పేరు, డోసు ఉన్న ప్రిస్క్రిప్షన్‌ను ఫోన్‌లోనూ, కాగితం మీదా ఉంచుకోండి. గల్ఫ్ దేశాల్లో నిద్రమాత్రల జాతి మందుల మీద కఠినమైన నియమాలున్నాయి. "ప్లస్" మాత్రలు వాడుతుంటే టికెట్ కొనకముందే అనుమతి సంగతి కనుక్కోండి. ఇక్కడున్నవాళ్లు స్ట్రిప్‌లో పది మాత్రలు మిగిలినప్పుడే కొత్తది తెచ్చుకోండి.

ఇంట్లో ఒకరికి చెప్పండి

ఒక్కరికి చాలు. "వచ్చే రెండు వారాలు నాకు చిరాకు ఎక్కువగా ఉండొచ్చు, అది నీ మీద కాదు. నేను మరీ డల్‌గా కనిపిస్తే నాకు చెప్పు" అని నేను మా ఆవిడతో అన్నాను. మనలో వచ్చే మార్పు మనకంటే ముందు పక్కవాళ్లకే కనిపిస్తుంది. నిజానికి 2.5 దగ్గర ఆగమని చెప్పింది తనే, నేనైతే ముందుకు పోయేవాణ్ని.

చివరి మాత్ర తర్వాత

చివరి పావు మాత్ర వేసుకున్న తేదీని క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. నోటుబుక్కు ఇంకో మూడు నెలలు రాయండి. మానేసిన నెలకు ఒకసారి, మూడు నెలలకు ఒకసారి, ఆరు నెలలకు ఒకసారి డాక్టరును కలిసేలా ముందే తేదీలు తీసుకోండి, బాగున్నా సరే వెళ్లండి. మిగిలిన స్ట్రిప్‌ను వెంటనే పారేయకండి. అవసరమైతే ఏం చేయాలో డాక్టరును అడిగి, గడువు తేదీ చూసి, పిల్లలకు అందని చోట పెట్టుకోండి. నాది ఆరు నెలలు బీరువా పై అరలో ఉంది. ఆరో నెల చూపించుకుని వచ్చాక మా ఆవిడే దాన్ని తీసి మెడికల్ షాపులో ఇచ్చేసింది.